మనకెందుకు వస్తుందిలే! – కాలేజీ యువత, హెచ్.ఐ.వి.

“పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?”

2000 దశకం తొలి సంవత్సరాల్లో మన రాష్ట్రంలో పెద్దవాళ్లుగా ఉన్న ఎవరికీ ఈ ప్రశ్న కొత్త కాదు. రోడ్ల పక్కన పెద్ద పెద్ద హోర్డింగుల మీద ఈ ఒక్క వాక్యమే కనబడేది. పులిరాజా ఎవరో ఎవరికీ తెలియదు. జనం నవ్వుకున్నారు, స్నేహితులు ఒకరినొకరు ఆ పేరుతో ఆట పట్టించుకున్నారు. కొన్నాళ్లకు అర్థమైంది, పులిరాజా ఎక్కడో ఉన్న మనిషి కాడని. “నాకేం కాదులే” అని ధీమాగా తిరిగే ప్రతి మనిషీ పులిరాజాయే.

ఆ రోజుల్లో ఆ ప్రకటన చూసి నవ్వుకున్న కాలేజీ విద్యార్థులు ఈనాడు తల్లిదండ్రులయ్యారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు డిగ్రీలో, ఇంజనీరింగులో, నర్సింగులో ఉన్నారు. హోర్డింగులు పోయాయి గాని ప్రశ్న పోలేదు. అందుకే ఈ వ్యాసం ఇటు విద్యార్థులకూ, అటు వాళ్ల ఇంటి పెద్దలకూ కలిపి రాస్తున్నాం. ఇద్దరూ చదవాలని మనవి.

మన ప్రాంతానికి దీనితో ఏం పని?

నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు చదువు కోసం ఇల్లు వదలని పిల్లలు తక్కువ. యాగంటి, బేతంచెర్ల వైపు నాపరాళ్ల పనులు చేసుకునే కుటుంబాల్లోనూ, కె.సి. కాలువ కింద వ్యవసాయం చేసుకునే కుటుంబాల్లోనూ మొట్టమొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు ఎందరో ఉన్నారు. కొందరు నంద్యాలలోనే హాస్టల్లో ఉంటారు. కొందరు కర్నూలు, కడప, అనంతపురం విశ్వవిద్యాలయాలకు వెళ్తారు. మరికొందరు హైదరాబాదు, బెంగళూరు, చెన్నై చేరతారు. బ్యాంకు పరీక్షల కోచింగుకు పేరుపొందిన నంద్యాలకు బయటి జిల్లాల నుంచి కూడా యువతీ యువకులు వచ్చి గదులు అద్దెకు తీసుకుని నెలల తరబడి ఉంటున్నారు.

ఇది సంతోషించవలసిన విషయమే. కాని పద్దెనిమిదేళ్ల వయసులో ఇంటి నీడ దాటి వెళ్లిన బిడ్డ, తన శరీరం గురించి, స్నేహాల గురించి, ప్రేమ గురించి మొదటిసారి సొంతంగా నిర్ణయాలు తీసుకుంటాడు. ఆ నిర్ణయాలకు కావలసిన మాట ఇంట్లో ఎవరైనా చెప్పి పంపించారా? బియ్యం, పచ్చడి జాడీ, దుప్పటి అన్నీ సర్ది పంపిస్తాం. ఈ ఒక్క మాట మాత్రం సర్దము.

కొన్ని అంకెలు చూద్దాం. 2005-06లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వయసు వారిలో 0.97 శాతం మందికి, అంటే దాదాపు నూటికి ఒకరికి హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలింది. అప్పుడు దేశ సగటు 0.28 శాతమే. ఆ తర్వాత ఎంతో కృషి జరిగింది, వ్యాప్తి తగ్గింది. అయినా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవారిలో వ్యాప్తి 0.67 శాతం, దేశ సగటు 0.21 శాతం. అంటే దేశ సగటుకు మూడు రెట్లు. ఆ సంవత్సరం మన రాష్ట్రంలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు సుమారు 3 లక్షల 21 వేల మంది. దేశంలో మహారాష్ట్ర తర్వాత ఇంత ఎక్కువ సంఖ్య మనదే. అదే సంవత్సరం దేశం మొత్తం మీద కొత్తగా సోకినవారు సుమారు 63 వేలు, అంటే రోజుకు 170 మందికి పైగా.

భయపెట్టడానికి ఈ లెక్కలు చెప్పడం లేదు. 2010తో పోలిస్తే దేశంలో కొత్తగా సోకేవారి సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. నివారణ సాధ్యమేనని ఆ తగ్గుదలే రుజువు చేస్తోంది. కాని తగ్గింది కదా అని మరచిపోతే, మరచిపోయిన తరానికే అది మళ్లీ వస్తుంది.

మన దేశంలో దీన్ని మొదట కనిపెట్టింది ఒక విద్యార్థిని

ఈ సంగతి మన కాలేజీ పిల్లల్లో చాలామందికి తెలియదు. 1980 దశకం మధ్యలో అమెరికాలో ఎయిడ్స్ గురించి పత్రికలు గగ్గోలు పెడుతున్నప్పుడు, మన దేశంలో చాలామంది “అది విదేశీయుల జబ్బు, మన సంస్కృతి వేరు, మనకు రాదు” అన్నారు. అప్పుడు మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ పీజీ చదువుతున్న సెల్లప్పన్ నిర్మల అనే విద్యార్థినికి ఆమె ప్రొఫెసర్ డాక్టర్ సునీతి సోలమన్ ఒక పరిశోధన అప్పగించారు. వ్యభిచార వృత్తిలో ఉన్న స్త్రీల రక్త నమూనాలు సేకరించి పరీక్షించాలి. నిర్మల సాధారణ కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి. మొదట సంకోచించినా భర్త ప్రోత్సాహంతో పనిలోకి దిగారు. సేకరించిన రక్త నమూనాలను ఇంట్లో ఫ్రిజ్‌లోనే భద్రపరిచారు.

పరీక్ష చేసే సౌకర్యం మద్రాసులో లేదు. మిషనరీలు స్థాపించిన వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఉంది. 1986లో నమూనాలను అక్కడికి రైల్లో తీసుకెళ్లి పరీక్షించారు. ఆరు నమూనాల్లో హెచ్.ఐ.వి. కనబడింది. మనకు రాదనుకున్నది అప్పటికే మన మధ్య ఉన్నదని ఆ రోజు తెలిసింది. నమ్మనివారు చాలామందే ఉన్నారు. కాని ఒక విద్యార్థిని సంకోచం పక్కన పెట్టి చేసిన ఆ పని వల్లనే దేశం మేలుకుంది. డాక్టర్ సునీతి సోలమన్ తర్వాత జీవితమంతా హెచ్.ఐ.వి. రోగుల సేవలో గడిపి 2015లో కన్నుమూశారు.

“మనకు రాదు” అన్న మాట ఆనాడు దేశం అన్నది. ఈనాడు ఒక్కొక్క విద్యార్థి తన మనసులో తాను అనుకుంటున్నాడు. మాట ఒక్కటే, ప్రమాదమూ ఒక్కటే.

తెలుసు అనుకోవడం వేరు, తెలియడం వేరు

“హెచ్.ఐ.వి. ఎలా వస్తుంది?” అని ఏ కాలేజీ విద్యార్థిని అడిగినా నాలుగు కారణాలు గడగడా చెప్పేస్తారు. రక్షణ లేని లైంగిక సంబంధం, కలుషితమైన సూదులు, పరీక్షించని రక్తం, తల్లి నుంచి బిడ్డకు. పాఠ్యపుస్తకంలో ఉంది, పరీక్షలో రాశారు, మార్కులు వచ్చాయి. 1991లో ఎన్.ఎస్.ఎస్. ద్వారా విశ్వవిద్యాలయాల్లో ఎయిడ్స్ గురించి మాట్లాడే కార్యక్రమం మొదలైంది. తర్వాత కాలేజీల్లో రెడ్ రిబ్బన్ క్లబ్బులు వచ్చాయి. 2007 డిసెంబరు 1న రెడ్ రిబ్బన్ ఎక్స్‌ప్రెస్ అనే రైలు దేశమంతా తిరగడానికి బయలుదేరింది. ఏటా డిసెంబరు 1న ర్యాలీలు, ముగ్గుల పోటీలు, వ్యాసరచన పోటీలు జరుగుతూనే ఉన్నాయి.

అయితే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో “సమగ్రమైన అవగాహన” ఉందా లేదా అని తెలుసుకోవడానికి ఐదు విషయాలు చూస్తారు. మీరూ ఒకసారి జవాబు చెప్పుకోండి.

1. ప్రతిసారీ కండోమ్ వాడితే హెచ్.ఐ.వి. సోకే అవకాశం తగ్గుతుందా?
2. హెచ్.ఐ.వి. లేని ఒకే భాగస్వామితో, ఇద్దరూ నమ్మకంగా ఉంటే ఆ అవకాశం తగ్గుతుందా?
3. చూడడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషికి హెచ్.ఐ.వి. ఉండవచ్చా?
4. దోమ కుడితే హెచ్.ఐ.వి. వస్తుందా?
5. హెచ్.ఐ.వి. ఉన్నవారితో కలిసి భోజనం చేస్తే వస్తుందా?

మొదటి మూడింటికి అవును, చివరి రెండింటికి కాదు అని చెప్పాలి. ఐదింటికీ సరిగ్గా చెప్పినవారే సమగ్ర అవగాహన ఉన్నవారు. 2019-21 సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల పురుషుల్లో ఇలా చెప్పగలిగినవారు సుమారు 31 శాతం, స్త్రీలలో 22 శాతం మాత్రమే. ఎయిడ్స్ అనే పేరు విననివారు తక్కువ. విన్నదాన్ని పూర్తిగా గ్రహించినవారూ తక్కువే.

ఐదింటికీ సరైన జవాబు చెప్పినవారు కూడా ఆపదలో పడతారు. ఎందుకంటే జవాబు తలలో ఉంటుంది, నిర్ణయం ఒక్క క్షణంలో జరుగుతుంది.

కాలు జారేది ఎక్కడ?

మొదటిది, మంచివాళ్లకు రాదనే నమ్మకం. “అతను మంచి కుటుంబం నుంచి వచ్చాడు, చూడడానికి ఆరోగ్యంగా ఉన్నాడు, నాకు రెండేళ్లుగా తెలుసు” అని ఒక అమ్మాయి అనుకుంటుంది. అబ్బాయి కూడా అలాగే అనుకుంటాడు. హెచ్.ఐ.వి. సోకిన తర్వాత ఏ లక్షణమూ లేకుండా ఎనిమిది, పదేళ్ల వరకు గడవవచ్చు. ఆ మనిషికే తనకు ఉన్నట్లు తెలియకపోవచ్చు. ముఖం చూసి, కులం చూసి, చదువు చూసి, ప్రార్థనకు వస్తాడా రాడా అని చూసి ఎవరూ చెప్పలేరు. రక్త పరీక్ష ఒక్కటే చెబుతుంది.

రెండవది, అడగలేకపోవడం. ఇష్టపడిన మనిషిని “పరీక్ష చేయించుకుందామా?” అని అడిగితే తనను అనుమానిస్తున్నారనుకుంటారేమో అని భయం. వద్దు అని చెప్పాలనుకున్న అమ్మాయికి, వద్దంటే వదిలిపోతాడేమో అని భయం. స్నేహితుల మధ్య “నీకింకా అనుభవం లేదా?” అనే ఎగతాళికి తట్టుకోలేక తప్పటడుగు వేసే అబ్బాయిలూ ఉన్నారు. వద్దు అనడం పిరికితనం కాదు. అవతలివారు వద్దన్నప్పుడు ఆగడమే మగతనం. బలవంతం ఎక్కడ ఉన్నా అది ప్రేమ కాదు, నేరం.

మూడవది, మద్యం. తాగిన రాత్రి, తెలిసిన జవాబులన్నీ మరుగున పడతాయి. పుట్టినరోజు పార్టీల్లో, విహారయాత్రల్లో జరిగే పొరపాట్లలో చాలా వాటి వెనుక ఒక సీసా ఉంటుంది.

నాలుగవది, సిగ్గు. మందుల షాపులో కండోమ్ అడగడానికి సిగ్గు. సుఖవ్యాధి లక్షణాలు కనబడితే డాక్టరుకు చూపించుకోవడానికి సిగ్గు. పరీక్షా కేంద్రం దగ్గర ఎవరైనా చూస్తే “గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు” అవుతుందేమోనని సిగ్గు. జననాంగాల మీద పుండ్లు, చీము, మంట వంటి సుఖవ్యాధులు ఉన్నప్పుడు హెచ్.ఐ.వి. మరింత సులభంగా సోకుతుంది. సొంత వైద్యంతో వాటిని దాచిపెట్టడం రెట్టింపు ప్రమాదం.

ఐదవది, సూది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2024 జూలైలో త్రిపుర రాష్ట్రంలో 828 మంది విద్యార్థులకు హెచ్.ఐ.వి. ఉందని, 47 మంది చనిపోయారని ఒక వార్త ఫోన్లలో దావానలంలా వ్యాపించింది. అదంతా ఆ ఒక్క ఏడాదిలోనే జరిగినట్లు చాలామంది అర్థం చేసుకున్నారు. తర్వాత అక్కడి అధికారులు వివరణ ఇచ్చారు. 2007 ఏప్రిల్ నుంచి 2024 మే వరకు, అంటే పదిహేడేళ్లలో చికిత్సా కేంద్రాల్లో నమోదైన విద్యార్థుల మొత్తం సంఖ్య అది. వారిలో 572 మంది జీవించి ఉన్నారు. కాబట్టి ఫోన్లో వచ్చిన ప్రతి వార్తనూ మరొకరికి పంపకముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. అయితే ఆ వార్తలో తేలిగ్గా తీసుకోకూడని నిజం ఒకటి ఉంది. అక్కడ విద్యార్థుల్లో వ్యాప్తికి ముఖ్యకారణం మత్తుమందు ఇంజెక్షన్లు, ఒకే సూదిని పలువురు పంచుకోవడం. మత్తు అలవాటు ఏ రాష్ట్రానికీ పరిమితం కాదు. ఒక్కసారి సరదాకు అని మొదలైన సూది, ఆ ఒక్కసారితోనే హెచ్.ఐ.వి.నీ, కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్ బి, సి వైరస్‌లనూ తీసుకురాగలదు.

మరి ఏం చేయాలి?

పెళ్లి వరకు ఆగడం, పెళ్లి తర్వాత ఒకరికొకరు నమ్మకంగా ఉండడం అన్నిటికన్నా భద్రమైన మార్గం. ఇది మన ఇళ్లలో, సంఘంలో చెప్పే మాట మాత్రమే కాదు, వైద్యశాస్త్రం కూడా ఒప్పుకునే మాట. కాని అందరూ ఈ మార్గంలోనే నడుస్తారని ఊహించుకుని మిగతా మాటలు చెప్పకుండా వదిలేస్తే, నడవనివారిని మనం చావుకు వదిలేసినట్లు అవుతుంది. అందుకని మిగతావి కూడా చెబుతున్నాం.

లైంగిక సంబంధం ఉన్నవారు ప్రతిసారీ, మొదటి నుంచి చివరి వరకు కండోమ్ వాడాలి. పొట్లం మీద గడువు తేదీ చూడాలి. పర్సులో నెలల తరబడి ఉంచితే వేడికి పాడవుతుంది. నూనె, వాజిలైన్ వంటివి రాస్తే రబ్బరు చిరిగిపోతుంది. ఒకసారి వాడినది మళ్లీ వాడకూడదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇవి ఉచితంగా దొరుకుతాయి.

ఇంజెక్షన్ చేయించుకునేటప్పుడు కొత్త సిరంజి మన కళ్ల ముందు విప్పమని అడగాలి. ఇది మన హక్కు. జాతరల్లో పచ్చబొట్టు వేయించుకోవాలనే సరదా ఉంటే, అదే సూది ఎందరికి గుచ్చారో ఆలోచించండి. రక్తం ఎక్కించవలసి వస్తే లైసెన్సు ఉన్న రక్తనిధి నుంచే తీసుకోవాలి. అక్కడ ప్రతి సీసాకూ హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు.

రక్తదానం చేయడం వల్ల హెచ్.ఐ.వి. రాదు, నిర్భయంగా చేయండి. కాని తనకు హెచ్.ఐ.వి. ఉందో లేదో తెలుసుకోవడానికి రక్తదానం చేయడం పెద్ద తప్పు. కొత్తగా సోకిన రక్తం మొదటి రోజుల్లో పరీక్షకు దొరకకపోవచ్చు. అది మరొకరి ప్రాణానికి ముప్పు.

అనుకోని సంఘటన జరిగితే, అత్యాచారం జరిగినా, ఆసుపత్రి పనిలో సూది గుచ్చుకున్నా, ఆలస్యం చేయకుండా వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. సోకకుండా ఆపే మందులు ఉన్నాయి. అవి ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే పనిచేయవు. 28 రోజులు వాడాలి. నర్సింగు, ల్యాబ్ టెక్నీషియన్, మెడికల్ చదువుతున్న పిల్లలు ఈ 72 గంటల సంగతి తప్పక గుర్తుంచుకోవాలి.

పరీక్ష గురించి నాలుగు మాటలు

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐసీటీసీ అనే సలహా, పరీక్షా కేంద్రాలు ఉన్నాయి. అక్కడ పరీక్ష ఉచితం. ముందు కౌన్సిలర్ మాట్లాడతారు, మీ అంగీకారం తీసుకుంటారు, ఆ తర్వాతే రక్తం తీసుకుంటారు. ఒక్క పరీక్షతో హెచ్.ఐ.వి. ఉందని తేల్చేయరు. మొదటి పరీక్షలో కనబడితే వేరే రకం కిట్లతో మళ్లీ చూసి నిర్ధారిస్తారు.

సంఘటన జరిగిన మర్నాడే పరీక్ష చేయించుకుని “ఏమీ లేదు” అని ఊపిరి పీల్చుకోకూడదు. శరీరం వైరస్‌కు ప్రతిరక్షకాలను తయారుచేయడానికి సమయం పడుతుంది. సాధారణ పరీక్షలో కనబడడానికి కొన్ని వారాల నుంచి మూడు నెలల వరకు పట్టవచ్చు. కాబట్టి కౌన్సిలర్ చెప్పిన తేదీకి మళ్లీ వెళ్లాలి. ఈ మధ్యకాలంలో జాగ్రత్తగా ఉండాలి.

మీ ఫలితం మీదే. 2017లో చేసిన, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం, మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు. హెచ్.ఐ.వి. ఉందని కాలేజీలో సీటు నిరాకరించకూడదు, ఉద్యోగం నుంచి తీసేయకూడదు, అద్దె ఇంటి నుంచి గెంటేయకూడదు, వైద్యం చేయమనకూడదు. చదువుకో, ఉద్యోగానికో ముందు హెచ్.ఐ.వి. పరీక్ష తప్పనిసరి అని షరతు పెట్టడం కూడా చట్టవిరుద్ధం.

ఉందని తెలిస్తే?

జీవితం అయిపోయినట్లు కాదు. ఇరవై ఏళ్ల క్రితం చెప్పిన మాటకూ ఇప్పుడు చెప్పే మాటకూ చాలా తేడా ఉంది. 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం ఉచితంగా ఏ.ఆర్.టి. మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గిన తర్వాతే మందులు ఇచ్చేవారు. 2017 నుంచి నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ వెంటనే ఇస్తున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర సరిపోతుంది. క్రమం తప్పకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతుంది. ఆ స్థితి నిలబడి ఉన్నంతకాలం లైంగికంగా మరొకరికి సోకదు. గర్భిణి మందులు వాడితే, బిడ్డకు కూడా పుట్టగానే మందు ఇస్తే, బిడ్డకు సోకే అవకాశం నూటికి ఐదు కంటే తక్కువకు పడిపోతుంది. ఏ మందూ లేకపోతే అది 15 నుంచి 45 వరకు ఉంటుంది.

పూర్తిగా నయం చేసే మందు మాత్రం ఇంకా లేదు. నయం చేస్తామని ప్రకటనలు ఇచ్చేవారి మాటలు నమ్మి ఏ.ఆర్.టి. మానేసినవారు ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు. మందులు జీవితాంతం వాడాలి. చదువుకోవచ్చు, ఉద్యోగం చేయవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు. పెళ్లి చేసుకోబోయే వ్యక్తికి నిజం చెప్పి, డాక్టరు సలహాతో ముందడుగు వేయాలి.

తెలుసుకోకపోవడమే అసలు నష్టం. తెలియనివాడు మందు వేసుకోడు, జబ్బు ముదురుతుంది, తెలియకుండానే మరొకరికి ఇస్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కన్నా ముందే ఒక గంట కేటాయించి పరీక్ష చేయించుకోవడం మేలు.

తల్లిదండ్రులకు, సంఘ పెద్దలకు

“ఇలాంటివి పిల్లలతో మాట్లాడితే లేనిపోని ఆలోచనలు వస్తాయి” అని కొందరు భయపడతారు. ఆలోచనలు ఫోన్లో ఎప్పుడో వచ్చేశాయి. ఫోన్ చూపించేది ఒకటి, నిజం మరొకటి. నిజం చెప్పే బాధ్యత ఇంకా మన చేతుల్లోనే ఉంది.

పెద్ద ఉపన్యాసం అవసరం లేదు. బస్సు ఎక్కించేటప్పుడో, సెలవులకు వచ్చి వెళ్లేటప్పుడో ఒక తండ్రి కొడుకుతో ఇలా అనవచ్చు. “నాయనా, నువ్వు పెద్దవాడివయ్యావు. తొందరపడొద్దు. ఎవరి మాటకో లొంగొద్దు. ఏదైనా పొరపాటు జరిగితే భయపడి దాచుకోకు. ముందు నాకు ఫోన్ చెయ్యి. కోప్పడను, ఆసుపత్రికి నేనే తీసుకెళ్తాను.” తల్లి కూతురితో ఇలా అనవచ్చు. “అమ్మా, నీకు ఇష్టం లేని పని ఎవరు చెయ్యమన్నా వద్దు అను. ఏం జరిగినా నీ తప్పని నేననను. నాతో చెప్పు.”

ఈ “కోప్పడను” అనే మాట చాలా ముఖ్యం. 72 గంటల్లో మందు మొదలుపెట్టాలంటే బిడ్డ ఆ 72 గంటల్లో ఎవరికో ఒకరికి చెప్పాలి. ఇంట్లో చెప్పలేని పిల్లలు ఎవరికీ చెప్పరు. వారం రోజులు గదిలో కూర్చుని ఏడుస్తారు, సమయం దాటిపోతుంది.

యువజన కూడికల్లో సంవత్సరానికి ఒక్కసారైనా డాక్టరునో, నర్సునో, కౌన్సిలర్‌నో పిలిపించి మాట్లాడించండి. అమ్మాయిలకు విడిగా, అబ్బాయిలకు విడిగా కూర్చోబెడితే మనసు విప్పి అడుగుతారు. పేరు రాయకుండా చీటీల మీద ప్రశ్నలు వేయమంటే, నోటితో అడగలేనివారు కూడా అడుగుతారు. పెళ్లి నిశ్చయమైన జంటలు ఇద్దరూ ఇష్టపూర్వకంగా పరీక్ష చేయించుకోవడాన్ని అనుమానంగా చూడకుండా, ఒకరిపట్ల ఒకరికి ఉన్న శ్రద్ధగా చూడడం నేర్పండి.

మరొక మాట. మీ వీధిలో, మీ సంఘంలో ఎవరికైనా హెచ్.ఐ.వి. ఉందని తెలిస్తే, వాళ్ల గురించి మీరు భోజనాల దగ్గర ఎలా మాట్లాడతారో మీ పిల్లలు వింటూ ఉంటారు. “వాడి పాపం వాడు అనుభవిస్తున్నాడు” అన్న మాట బిడ్డ చెవిన పడిందా, రేపు తనకు కష్టం వస్తే మీ దగ్గరకు రాడు. ఆ కుటుంబం ఇంటికి వెళ్లి ఒక గ్లాసు మంచినీళ్లు తాగి వచ్చారా, మీ బిడ్డకు ధైర్యం వస్తుంది. కలిసి తింటే, ఒకే గ్లాసుతో తాగితే, చేయి కలిపితే, ఒకే మరుగుదొడ్డి వాడితే, దోమ కుడితే హెచ్.ఐ.వి. రాదు.

విద్యార్థులారా,

ఈ వారంలో చేయగలిగిన పనులు మూడు. మీ కాలేజీలో రెడ్ రిబ్బన్ క్లబ్ ఉందో లేదో కనుక్కోండి. ఉంటే డిసెంబరు 1న ర్యాలీ తీయడంతో సరిపెట్టుకోకుండా ఏడాది పొడవునా ప్రశ్నలు అడిగే చోటుగా మార్చండి. ఎప్పుడైనా ప్రమాదకరమైన సంఘటన జరిగి ఉంటే, ఎంతకాలమైనా సరే, వెళ్లి పరీక్ష చేయించుకోండి. ఒంటరిగా వెళ్లలేకపోతే నమ్మకమైన స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్లండి. మిమ్మల్ని అలా ఎవరైనా తోడు రమ్మంటే ఎందుకని అడగకుండా వెళ్లండి.

ఎవరితోనూ మాట్లాడలేకపోతే 1097కు ఫోన్ చేయండి. ఇది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్. డబ్బు ఖర్చు కాదు. మీ ప్రశ్న ఎంత చిన్నదైనా, ఎంత సిగ్గుగా అనిపించినా అడగవచ్చు. ఈ నెంబరు ఇప్పుడే మీ ఫోన్లో రాసిపెట్టుకోండి. మీకు అవసరం రాకపోవచ్చు. మీ పక్క గదిలో ఉన్న స్నేహితుడికి రావచ్చు.